పట్టువిడుపుల రసాయనం

అల్జీమర్స్ వ్యాధి మెదడులో మొదలైన నాటికీ, ఇంటిల్లిపాదికీ తెలిసేంత మతిమరుపుగా బయటపడే నాటికీ మధ్య పదిహేను ఇరవై ఏళ్ల ఎడం ఉంటుందని నేటి వైద్యశాస్త్రం అంచనా. ఆ ఎడంలో మెదడు కణాల నడుమ బీటా అమిలాయిడ్ అనే చిన్న ప్రోటీను ముక్కలు ఒకదానికొకటి అంటుకుని ఫలకాలుగా గట్టిపడుతూ ఉంటాయి. కణాల లోపల టౌ అనే మరో ప్రోటీను పీచులుగా మెలిపడి చిక్కులు కడుతుంది. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు ఈ రెంటినీ వర్ణించగలగడానికి అప్పటికి కొత్తగా వచ్చిన వెండి లవణాల అద్దకం తోడ్పడింది. చనిపోయిన రోగి మెదడును పలుచని పొరలుగా కోసి వెండి పట్టిస్తే, మామూలు రంగులకు లొంగనివి సూక్ష్మదర్శిని కింద నల్లగా తేలాయి. ఆ విధంగా ఈ వ్యాధిని మనిషి కంటికి మొదట పట్టించినది ఒక లోహమే. అయితే ఆ పద్ధతికి మెదడును కోయక తప్పదు కనుక, తరువాత దాదాపు శతాబ్దం పాటు ఫలానా మనిషికి వచ్చినది అల్జీమర్సేనని నిస్సందేహంగా చెప్పడం మరణానంతరం మాత్రమే సాధ్యమైంది.

బతికి ఉన్న మనిషి మెదడులో ఫలకాలను చూడవలసిన అవసరం ఎంతటిదో భారతదేశపు లెక్కలే చెబుతాయి. అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది చిత్తవైకల్యంతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన ఒక జాతీయస్థాయి అధ్యయనం తేల్చింది. వీరిలో ఎవరి మతిమరుపు అల్జీమర్స్ వల్ల కలిగిందో, ఎవరిది మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చిందో, ఎవరిలో రెండూ కలిసి ఉన్నాయో బయటి లక్షణాలను బట్టి విడదీయడం అనుభవజ్ఞులైన నాడీవైద్యులకు కూడా కష్టమే.

ఈ చిక్కుకు మొదటి విడుపు రంగుల రసాయనం నుంచే వచ్చింది. థయోఫ్లావిన్-టీ అనే పసుపుపచ్చని అద్దకపు రంగు అమిలాయిడ్ పీచులకు బాగా అతుక్కుంటుందని ప్రయోగశాలల్లో చాలాకాలంగా తెలుసు. కానీ ఆ అణువు మీద ధన విద్యుదావేశం ఉండడం వల్ల అది రక్తం నుంచి మెదడులోకి చొరబడలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ ఆ ఆవేశం పోయేలా అణువును సవరించి, దానికి రేడియోధార్మిక కార్బన్-11ను తగిలించారు. పిట్స్‌బర్గ్ కాంపౌండ్-బీ, పొట్టిగా పిబ్ అని పేరుపడిన ఆ పదార్థాన్ని 2002 ఫిబ్రవరిలో స్వీడన్‌లోని ఉప్సలాలో మొదటిసారి ఒక రోగికి ఇచ్చారు. రోగుల మెదడులోనూ ఆరోగ్యవంతుల మెదడులోనూ అది నిలిచే తీరులోని తేడాను చూపిన పరిశోధన పత్రం 2004లో అచ్చయింది. ఆ పదార్థం నిలిచిన చోటును చూపే పెట్ స్కాన్ పనిచేసే తీరు స్థూలంగా ఇది: రేడియోధార్మిక పరమాణువు విడుదల చేసిన పాజిట్రాన్ అనే కణం దగ్గరలోని ఎలక్ట్రాన్‌ను ఢీకొని రెండూ నశించినప్పుడు, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు వెలువడతాయి, రోగి చుట్టూ వలయంగా అమర్చిన గ్రాహకాలు ఆ జంటలను పట్టుకుని అవి పుట్టిన చోటును లెక్కగడతాయి. మిల్లీమీటరులో పదో వంతుకు మించని ఒక్కొక్క ఫలకాన్ని ఏ పెట్ యంత్రమూ విడిగా చూపలేదు. అది చూపేది నాలుగైదు మిల్లీమీటర్ల మేర పేరుకున్న ఫలకాల సాంద్రతను.

కార్బన్-11తో ఉన్న ఇబ్బంది దాని ఆయువు. ఇరవై నిమిషాలకొకసారి అది సగానికి సగం తరిగిపోతుంది కనుక, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ అనే భారీ యంత్రం ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి. ఆ తరువాత 2012 నుంచి 2014 వరకు అమెరికాలో అనుమతి పొందిన ఫ్లోర్‌బెటాపిర్, ఫ్లూటెమెటమాల్, ఫ్లోర్‌బెటాబెన్ అనే మూడు పదార్థాలూ ఫ్లోరిన్-18ను వాడతాయి. దాని అర్ధాయువు 110 నిమిషాలు కాబట్టి ఒక నగరంలో తయారైన మందును కొన్ని గంటల దూరంలోని ఆసుపత్రికి చేర్చవచ్చు. అయినా సైక్లోట్రాన్ అవసరం తప్పలేదు, బొమ్మకయ్యే ఖర్చూ పెద్దగా దిగలేదు.

లోహాలు రంగప్రవేశం చేసేది ఇక్కడే. టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక లోహం మాలిబ్డినం-99 నుంచి పుడుతుంది. ఆ మాలిబ్డినాన్ని నింపిన జనరేటర్ అనే చిన్న సీసపు గొట్టాన్ని ఆసుపత్రికి పంపితే, వారం రోజుల పాటు అందులోంచి ఉప్పునీటితో టెక్నీషియాన్ని పిండుకోవచ్చు. ఎముకల స్కాన్, గుండె స్కాన్ వంటి అణువైద్య పరీక్షల్లో అత్యధిక భాగం నడిచేది దీనిమీదే. హైదరాబాద్‌లోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్ వంటి ఆసుపత్రుల అణువైద్య విభాగాలకు ఇది రోజువారీ సరుకు. గాలియం-68కూ ఇటువంటి జనరేటరే ఉంది, పైగా అది దాదాపు ఏడాది పనిచేస్తుంది. కణితులను వెతికే డోటా స్కాన్ అని మన రోగులు చెప్పుకునేది దీనితో తీసినదే. ఇక రాగి-64 సైక్లోట్రాన్‌లోనే పుట్టినా, దాని అర్ధాయువు 12.7 గంటలు కనుక దూరప్రయాణాన్ని తట్టుకుంటుంది. అయితే అది విచ్ఛిన్నమయ్యే సందర్భాల్లో సుమారు 17 శాతం మాత్రమే పాజిట్రాన్‌ను ఇస్తాయి కాబట్టి, మిగిలినవి బొమ్మకు పనికిరాకుండానే రోగి ఒంటికి కిరణాల మోతాదును పెంచుతాయి. లోహాల వల్ల కలిగే లాభం బొమ్మ నాణ్యతలో ఏమీ లేదనీ, ఉన్నదంతా అందుబాటులోనేననీ ముందుగానే ఒప్పుకోవడం మంచిది. ఫ్లోరిన్ ఇచ్చే బొమ్మను మించినదాన్ని టెక్నీషియం ఇవ్వలేదు. అది చేరగల ఊళ్లకు మాత్రం ఫ్లోరిన్ చేరలేదు.

కార్బన్‌నూ ఫ్లోరిన్‌నూ ఒక అణువులో భాగంగా బంధించవచ్చు గానీ లోహానికి ఆ వీలు లేదు. లోహపు అయాను, అంటే ఎలక్ట్రాన్లు కోల్పోయి ధనావేశం పొందిన పరమాణువు, తన చుట్టూ నత్రజని, ఆక్సిజన్, గంధకం వంటి ఎలక్ట్రాన్లు ఇవ్వగల పరమాణువులను చేర్చుకుని నిలుస్తుంది. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్ర పుస్తకాలు సమన్వయ సమ్మేళనాలని చెప్పేవి ఇవే. లోహానికి ఇలా చేయూతనిచ్చే అణువు లైగాండ్. ఒకే లైగాండ్ రెండు మూడు వైపుల నుంచి ఎండ్రకాయ డెక్కలతో పట్టినట్టు లోహాన్ని చుట్టుముడితే దాన్ని కీలేటు అంటారు. ఒక వేలు జారినా మిగిలిన వేళ్లు పట్టి ఉంచుతాయి కనుక కీలేటు నుంచి లోహం తేలికగా ఊడిపోదు.

ఎంత గట్టిగా పట్టుకోవాలన్న దగ్గరే అసలు రూపకల్పన మొదలవుతుంది. రక్తంలోకి సూదితో ఎక్కించే ఈ పదార్థం కొన్ని మైక్రోగ్రాములకు మించదు. దానికి ఎదురయ్యే అల్బుమిన్ అనే రక్తపు ప్రోటీను లీటరుకు నలభై గ్రాముల చొప్పున ఉంటుంది, పైగా రాగిని పట్టుకోవడానికి తనదైన చోటు దానికి ఉంది. పట్టు కాస్త సడలితే అల్బుమిన్ లోహాన్ని లాగేసుకుంటుంది. కాలేయానికి చేరితే అక్కడి ఎంజైములు మిగిలినది ఊడబెరుకుతాయి. చివరికి యంత్రం చూపించేది అమిలాయిడ్‌ను కాక కాలేయాన్నీ రక్తాన్నీ అవుతుంది. అందుకే రసాయనవేత్తలు సమతాస్థితిలోని బలంతో పాటు, విడిపోయే వేగాన్ని కూడా కొలుస్తారు. విడిపోవడం చాలా నెమ్మదిగా జరిగే సమ్మేళనమైతే, కాగితం మీద లెక్కకు బలహీనమనిపించినా, రెండు మూడు గంటల స్కాన్‌కు సరిపోతుంది.

డోటా వంటి పెద్ద పంజరాకార లైగాండ్‌లు లోహాన్ని ఈ విధంగా కదలకుండా బంధించగలవు. క్యాన్సర్ కణితుల విషయంలో అంతకుమించి అడగవలసినది లేదు. మెదడు దగ్గరకు వచ్చేసరికి అదే బలం అడ్డంకి అవుతుంది. మెదడులోని సన్నని రక్తనాళాల గోడకణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. రక్తం-మెదడు అడ్డుగోడ అని పేరున్న ఈ కట్టడాన్ని దాటాలంటే అణువు చిన్నదై ఉండాలి, ఆవేశం లేనిదై ఉండాలి, కొవ్వులో కొంత, నీటిలో కొంత కరిగేదై ఉండాలి. మందుల తయారీదారులు అణుభారం 400 నుంచి 500 లోపు ఉంటే మేలని భావిస్తారు. పిబ్ అణుభారం 256 మాత్రమే. ఎంఆర్ఐ స్కాన్‌లలో వాడే గడోలినియం సమ్మేళనాలు ఈ గోడను దాటలేకపోవడాన్ని వైద్యులు ఎప్పటినుంచో ఉపయోగించుకుంటున్నారు: గడోలినియం మెదడులో కనిపించిందంటే అక్కడ గోడ దెబ్బతిన్నదని అర్థం. ఆ పదార్థానికి అమిలాయిడ్‌ను గుర్తించే తోకను తగిలించే ప్రయత్నాలు జరిగాయి గానీ, ఎంఆర్ఐకి కావలసిన గాఢత పెట్‌కు చాలినదానికి వేల రెట్లు ఎక్కువ కాబట్టి ఆ దారి మరీ ఎగుడు.

లోహ సమ్మేళనం మెదడులోకి పోనేపోదని చెప్పడానికి మాత్రం వీల్లేదు. మెదడులో రక్తప్రసారాన్ని చూపే హెచ్ఎంపీఏఓ అనే టెక్నీషియం సమ్మేళనం దశాబ్దాలుగా వాడుకలో ఉంది. అది కొవ్వులో కరిగే రూపంలో లోపలికి దూరి, అక్కడ నీటిలో కరిగే రూపానికి మారిపోయి, తిరిగి బయటపడలేక చిక్కుకుంటుంది. పార్కిన్సన్స్ వ్యాధి నిర్ధారణకు పనికివచ్చే ట్రోడాట్ అనే మరో టెక్నీషియం సమ్మేళనం ఇంకో మెట్టు ఎక్కి, మెదడులోకి వెళ్లడమే కాక డోపమిన్‌ను రవాణా చేసే ఒక నిర్దిష్ట ప్రోటీనును వెతికి పట్టుకుంటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ పదార్థమే అమిలాయిడ్ కోసం పనిచేస్తున్న రసాయనవేత్తలకు ఇన్నాళ్లూ ధైర్యమిస్తున్నది.

అమిలాయిడ్‌కు వచ్చిన ప్రత్యేకమైన కష్టం, ఒకే అణువులో రెండు పనులు ఇమడ్చవలసి రావడం. ఒక కొస లోహాన్ని పట్టుకోవాలి, రెండో కొస పీచుల మధ్యనున్న సన్నని గాడిలోకి చొరబడాలి. గాడిలోకి చొరబడేది బల్లపరుపుగా ఉండే సుగంధ వలయాల గొలుసు అయితేనే అతుకుతుంది. రెంటినీ ఒక సన్నని లంకెతో కలిపితే అణుభారం అయిదు వందలను ఇట్టే దాటిపోతుంది. 1990లలో కాంగో రెడ్ అనే ఎర్ర రంగుకు టెక్నీషియాన్ని జతచేసిన తొలి ప్రయత్నాలు ఈ బరువు కిందే నలిగాయి. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలోనూ, చైనాలోని బీజింగ్ నార్మల్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేసే బృందాలు అమిలాయిడ్‌ను గుర్తించే భాగాన్ని కుదించి, లోహపు గూటిని చిన్నది చేసి, ఆవేశం లేకుండా చూసి, మెదడులోకి చేరే పాళ్లను క్రమంగా పెంచుతూ వచ్చాయి. ఢిల్లీలోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఇన్మాస్ శాస్త్రవేత్తలు చాల్కోన్ అనే మొక్కల రసాయనాల కుటుంబానికి చెందిన రెండు అణువులను ఒకే గాలియం కీలేటుకు రెండు వైపులా తగిలించి, రెండు చోట్ల పట్టు దొరికితే అమిలాయిడ్‌కు అతుకు బలపడుతుందేమోనని పరీక్షించారు.

పసుపులోని కర్కుమిన్ కూడా ఈ వరసలో ఉంది. దాని నడిమి భాగంలో రెండు ఆక్సిజన్ పరమాణువులు పక్కపక్కన ఉండి గాలియం వంటి లోహాన్ని సహజంగానే పట్టుకుంటాయి. దాని రెండు చివరల వలయాలు అమిలాయిడ్‌కు అతుకుతాయి. ఒకే అణువు రెండు పనులూ చేస్తుందని చూసి ముచ్చటపడినవారు ఇటలీలోనూ ఇతర చోట్లా దీని గాలియం సమ్మేళనాలను తయారుచేశారు. కానీ ఒక గాలియం చుట్టూ రెండు కర్కుమిన్‌లు చేరితే అణుభారం ఎనిమిది వందలకు చేరుతుంది, పైగా దానిమీద ధనావేశం మిగులుతుంది. అడ్డుగోడ ముందు ఈ రెండూ అనర్హతలే. వంటింటి పసుపు తింటే మతిమరుపు రాదని ప్రచారం చేసేవారు ఈ ప్రయోగాలను సాక్ష్యంగా చూపడానికి ఎంతమాత్రం వీల్లేదు. సూదితో రక్తంలోకి ఎక్కించినదానికే ఇన్ని ఆటంకాలున్నప్పుడు, పేగుల నుంచి అత్యల్పంగా మాత్రమే రక్తంలోకి చేరే కర్కుమిన్ సంగతి చెప్పనక్కరలేదు.

ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన అధ్యాయం రాగిది. నాలుగు చేతులతో రాగిని సమతలంలో పట్టే బిస్‌థయోసెమికార్బజోన్‌లనే లైగాండ్‌ల కుటుంబం ఒకటుంది. రెండు నత్రజనులూ రెండు గంధకాలూ కలిసి పట్టే ఈ సమ్మేళనం ఆవేశం లేనిది, బల్లపరుపుది, అణుభారం మూడు వందల చిల్లర మాత్రమే, కనుక మెదడులోకి సులువుగా జారిపోతుంది. దీని వెన్నెముక మీద రెండు మిథైల్ సమూహాలు, అంటే ఒక కార్బన్‌తో మూడు హైడ్రోజన్‌లు కలిసిన చిన్న మొటిమల వంటివి, ఉంటే దాని పేరు ఏటీఎస్ఎమ్. అవి లేకుండా హైడ్రోజన్‌లు మాత్రమే ఉంటే జీటీఎస్ఎమ్. ఇంత చిన్న తేడాతో రెండూ రెండు వేర్వేరు పదార్థాలవుతాయి. మిథైల్ సమూహాలు ఎలక్ట్రాన్‌లను లోహం వైపు నెట్టడం వల్ల ఏటీఎస్ఎమ్‌లోని రాగి మరో ఎలక్ట్రాన్‌ను తీసుకోవడానికి మొరాయిస్తుంది, ఆక్సిజన్ బాగా తగ్గిన కణాల్లో తప్ప తన గూడు వదలదు. జీటీఎస్ఎమ్‌లోని రాగి ఏ కణంలోకి వెళ్లినా అక్కడి క్షయకరణ శక్తికి లోబడి, ఒక ఎలక్ట్రాన్‌ను అందుకుని, లైగాండ్ నుంచి ఊడిపడుతుంది. మొదటిది లోహాన్ని గమ్యానికి మోసుకుపోయే బండిగా పనికొస్తే, రెండోది లోహాన్ని మెదడులో దించి వెళ్లేదిగా పనికొస్తుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పాల్ డోనెలీ బృందం ఏటీఎస్ఎమ్ పోలిక గల గూటికి అమిలాయిడ్‌ను గుర్తించే స్టిల్బీన్ వంటి చేతిని తగిలించి, రాగి-64తో కలిసిన అటువంటి సమ్మేళనాలు మనిషి మెదడు పొరల్లోని ఫలకాలకు అతుకుతాయనీ, వాటిలో ఒకటి మామూలు ఎలుకల మెదడులోకి చేరుతుందనీ చూపింది. జీటీఎస్ఎమ్‌తో జరిగిన ప్రయోగాలు మరో ప్రశ్న వైపు తిరిగాయి: మెదడులో దింపిన రాగి ఎక్కడికి పోతుంది, ఎంతసేపు నిలుస్తుంది? అమిలాయిడ్ పేరుకునేలా జన్యువులు మార్చిన ఎలుకల మెదడు ఆ రాగిని మామూలు ఎలుకల మెదడు కన్నా వేరుగా వినియోగించుకుంటోందని ఆ బొమ్మలు చూపాయి.

ఈ ప్రశ్న మెదడు సొంత లోహాల దగ్గరకు తీసుకువెళుతుంది. బీటా అమిలాయిడ్ గొలుసులో 6, 13, 14 స్థానాల్లో హిస్టిడిన్ అనే అమినో ఆమ్లం ఉంటుంది. ఇది రాగినీ జింకునూ పట్టుకోవడంలో దిట్ట. జింకు సమక్షంలో అమిలాయిడ్ నిమిషాల్లో గడ్డకడుతుందని ఆష్లీ బుష్ తదితరులు 1994లో చూపారు. 1998లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోగుల మెదడు ఫలకాల్లో రాగి, జింకు, ఇనుము చుట్టూ ఉన్న కణజాలంలో కన్నా ఎక్కువగా ఉన్నాయని కొలిచారు. అటు తరువాతి కొలతలు మరో చిత్రమైన సంగతిని బయటపెట్టాయి: ఫలకాల్లో రాగి పేరుకుంటున్నా, రోగుల మెదడు మొత్తం మీద రాగి తగ్గి ఉంది. కొరతా మిగులూ ఒకేచోట ఉన్నప్పుడు లోహాన్ని పూర్తిగా లాగివేయడం చికిత్స కాజాలదు.

ఈ ఎరుక ఊరికే రాలేదు. విరేచనాలకు ఒకప్పుడు విరివిగా వాడిన క్లియోక్వినాల్ అనే మందు రాగినీ జింకునూ మధ్యస్థమైన పట్టుతో బంధిస్తుంది. దాన్ని ఇచ్చిన ఎలుకల మెదడులో అమిలాయిడ్ దాదాపు సగానికి తగ్గిందని 2001లో వెలువడిన ఫలితం పెద్ద ఆశ రేపింది. అయితే అంతకు చాలా ముందే, అదే మందు వాడిన జపాన్‌లో సుమారు పదివేల మందికి నరాలు, కంటిచూపు దెబ్బతినగా, 1970లో అక్కడి ప్రభుత్వం దాని అమ్మకాన్ని ఆపివేసింది. దానికి అయోడిన్ రేడియో గుర్తును తగిలించి, ఫలకాల్లోని జింకును చూపే బొమ్మగా వాడాలన్న ఆలోచన కూడా పరీక్షకు వచ్చింది. దాని వారసుడైన పీబీటీ2 అనే మందు మనుషుల్లో అమిలాయిడ్‌ను చెప్పుకోదగినంతగా తగ్గించలేదని 2014లో తేలింది. ఆ తీర్పు ఇచ్చిన సాధనం పిబ్ స్కాన్ కావడం గమనించదగినది.

ఎలుకల మీద వచ్చిన ప్రతి శుభవార్తనూ అనుమానంతో చదవవలసిన కారణం కూడా ఈ హిస్టిడిన్‌లోనే ఉంది. ఎలుకల సొంత బీటా అమిలాయిడ్ మనుషులదానికి మూడు చోట్ల భిన్నమైనది. ఆ మూడింటిలో ఒకటి 13వ స్థానంలోని హిస్టిడిన్ లేకపోవడం. రాగిని పట్టే వేలొకటి లేని ఆ జంతువులకు వాటంతటవి ఫలకాలు రావు. మనిషి జన్యువు చొప్పించి రప్పించిన ఫలకాలకూ రోగి మెదడులోని ఫలకాలకూ లోహాల పాళ్లలో, పీచుల అల్లికలో తేడా ఉంటుంది. అందుకే ఏ కొత్త లోహ సమ్మేళనమైనా ముందు మనిషి మెదడు పొరల మీద, ఆపైన జంతువుల్లో, చివరకు మనుషుల్లో తన పనితనం చూపించుకోవాలి. కాగితం మీద ఎంతో అందంగా కనిపించిన సమ్మేళనాలలో ఎక్కువ భాగం రెండో మెట్టు మీదే ఆగిపోయాయి. గోడను దాటినవాటిలోనూ కొన్ని కొవ్వు ఎక్కువగా ఉండే మెదడులోని తెల్లపదార్థానికి అంటుకుని, ఫలకాలు ఉన్నా లేకున్నా ఒకేలా వెలిగాయి.

ఇంతలో చుట్టూ పరిస్థితి మారింది. అమిలాయిడ్‌ను తొలగించే లెకానిమాబ్ అనే ప్రతిదేహపు మందుకు 2023లో, డొనానిమాబ్‌కు 2024లో అమెరికాలో అనుమతి లభించింది. 2025 మేలో రక్తపరీక్షతోనే అమిలాయిడ్ జాడను పట్టే మొదటి సాధనానికి కూడా అక్కడ అనుమతి వచ్చింది. రక్తపరీక్ష రాకతో బొమ్మల అవసరం తీరిపోతుందని కొందరి వాదన. వ్యాధి ఉందా లేదా అన్న మొదటి ప్రశ్నకు ఆ వాదన చాలావరకు సరిపోతుంది. మెదడులో ఫలకాలు ఎక్కడెక్కడ ఎంత మేర ఉన్నాయో, మందు మొదలుపెట్టాక అవి ఎంత తరిగాయో రక్తం అంత తిన్నగా చెప్పలేదు. డొనానిమాబ్ ప్రయోగాల్లో అమిలాయిడ్ తగినంత తగ్గిందని పెట్ బొమ్మ చూపినప్పుడు రోగులకు మందు ఆపివేసిన సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఒకే రోగికి ఏడాది, ఏడాదిన్నర లోపు రెండు మూడుసార్లు స్కాన్ తీయవలసి వస్తే, సైక్లోట్రాన్ లేని ఊళ్లలో ఆ చికిత్స నడవాలంటే, వారానికొకసారి వచ్చే సీసపు గొట్టంలోంచి ఉదయం పిండుకున్న టెక్నీషియాన్ని ఒక సీసాలోని పొడితో కలిపి మధ్యాహ్నానికల్లా రోగికి ఎక్కించగల సమ్మేళనం కావాలి. ట్రోడాట్ ఆ పనిని డోపమిన్ రవాణా ప్రోటీను విషయంలో ఇప్పటికే చేస్తోంది. అమిలాయిడ్‌కు అటువంటిది ఇంకా వాడుకలోకి రాలేదు.